ఎవరన్నరో తెలిస్తే సరిపోతదా?

పోలోనియస్ మాకు హామ్లెట్ చదివి తెలువలేదు, గైడు చదివి తెలిసిండు. ఎంఏ అయిపోయిన ఏడాది ఒక కోచింగ్ సెంటర్‌ల కొటేషన్ల కోసమే ఓ పుస్తకం చేతిల పెట్టిన్రు. ఎడమ పక్క మాట, కుడి పక్క అన్నోని పేరు, కింద నాటకం, సంవత్సరం. ఎక్కాల లెక్క బట్టీ పట్టినం. ఫ్రాన్స్‌కు పోయే కొడుకుకు పోలోనియస్ చెప్పే సుద్దులు అట్లనే నోటికొచ్చినయ్. అప్పుల గురించి, బట్టల గురించి, నిజాయితీ గురించి. ఎవరన్నరని అడిగితే కండ్లు మూసుకొని గుర్తు పెట్టేటోళ్లం.

నాటకం మొత్తం చదివింది చాన ఏండ్లకు. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ సుద్దులు చెప్పిన పెద్దమనిషే కొంచెం సేపటికి రెనాల్డో అనే నౌకరును పిలుస్తడు. పారిస్‌ల కొడుకు ఏం జేస్తున్నడో ఆరా తీయమంటడు. కూపీ లాగడానికి కొడుకు మీద చిన్న చిన్న అబద్ధాలు చెప్పినా ఫరవాలేదంటడు. ఆఖరికి తెర వెనుక పొంచి వింటుంటెనే హామ్లెట్ కత్తికి బలైతడు. నిజాయితీ నీతులను షేక్‌స్పియర్ అసుంటోని నోట్లె ఎందుకు పెట్టిండు? సాహిత్యం చదివినోన్ని అడగాల్సింది ఇదే. గైడుల దీనికి జవాబు లేదు.

ఇంగ్లీషు సాహిత్యాన్ని కొలువుకు కొలబద్ద జేసింది ఇయ్యాల గాదు. ఇండియన్ సివిల్ సర్వీసు పరీక్షకు 1854ల మెకాలే కమిటీ మార్కుల పట్టీ తయారు చేసింది. మొత్తం 6875 మార్కులల్ల ఇంగ్లీషు వ్యాసం, చరిత్ర, సాహిత్యానికి కలిపి 1500. సంస్కృతానికి 375, అరబ్బీకి 375. ఈ దేశ జనం ఇంట్ల మాట్లాడుకునే భాషలు ఆ పట్టీల లేనే లేవు. ఇంకో విచిత్రం, ఆక్స్‌ఫర్డ్‌ల ఇంగ్లీషు డిగ్రీ మొదలైంది 1894ల. అంటే వాళ్లు తమ పిల్లలకు డిగ్రీగ చెప్పకముందే మనల్ని ఏలేటోళ్లను దాంతోని జల్లెడ పట్టిన్రు.

యూజీసీ నెట్‌ల మూడో పేపర్ 2012 దాకా వ్యాసాలు రాసేది. ఆ ఏడు జూన్ నుంచి అంతా ఆబ్జెక్టివే. నిజం చెప్పాలె, అప్పుడు మేమూ సంబురపడ్డం. తెలుగు మీడియంల చదివొచ్చిన మా ఇంగ్లీషు చూసి దిద్దేటోడు ముఖం చిట్లిస్తడన్న భయం పోయింది. గుర్తు పెడితే మార్కు, మన ఊరేందో కులమేందో ఎవనికీ తెలువదు. ఆ మాట ఇప్పటికీ కొట్టిపారేయలేం. ఈ పద్ధతిని తిడుతున్నోళ్లందరూ ముందు దీనికి జవాబు చెప్పాలె.

కానీ పోగొట్టుకున్నది కూడా తక్కువేం లేదు. థింగ్స్ ఫాల్ అపార్ట్ అన్న పేరు ఎక్కడిదంటే యేట్స్ పద్యంల నుంచి అని గుర్తు పెడతం. ఐర్లండ్ కవి మాటను నైజీరియాల పుట్టిన ఇగ్బో రచయిత అచెబె 1958ల తన నేల కథకు ఎందుకు పెట్టుకున్నడు? రెండూ ఒకే దొర కింద నలిగిన గడ్డలు గదా? ఆ ముచ్చట మనకంటే బాగ ఎవరికి అర్థమైతది! ఆ మాట రాసే జాగనే పేపర్‌ల లేదు.

వోల్టేర్ సంగతి సరేసరి. ఎదుటోని మాట నచ్చకున్నా వాని హక్కు కోసం కొట్లాడుతనని ఆయన అన్నట్టు ఎన్ని సభలల్ల చెప్పినమో! అది ఆయన రాతలల్ల లేదు. ఎవెలిన్ బియాట్రిస్ హాల్ అనే ఇంగ్లీషు రచయిత్రి 1906ల ఆయన మీద రాసిన పుస్తకంల పెట్టిన వాక్యం. బట్టీ చదువు మైకు దాకా వస్తే ఇట్లనే ఉంటది.

2022 డిసెంబర్ల మన దగ్గర 1392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ పరీక్షా గుర్తులు పెట్టేదే. ఇంట్ల మొదటి తరం ఇంటర్ పిల్లలకు పాఠం చెప్పేటోళ్లు అట్లనే వస్తున్నరు. వచ్చేసారి సగం మార్కులకన్నా చూడని పద్యమో పేరానో ఇచ్చి, అర్థమైంది రాయమనాలె. హాల్‌టికెట్ నంబర్ కనబడకుండ ఇద్దరితోని దిద్దియ్యాలె. దానికి ఖర్చైతది, ఆలస్యమైతది. అయినా అడుగుతున్నం. క్లాసుల పిల్ల లేచి, "సార్, ఆయన గట్లెందుకన్నడు?" అంటే, పంతులు గైడు కోసం సంచీల చెయ్యి పెట్టొద్దు.