గోదారి పల్లాన, మన పొలాలు మెరకన

పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల మధ్య హద్దు గీసింది గోదారే. పుష్కరాలకు ఆ నదిలో మునిగి, ఇంటికొచ్చి బోరు మోటరు స్విచ్ నొక్కే రైతుబిడ్డలం మేం. ఒడ్డునే ఉండి బోర్లేమిటని బయటోళ్లు ఎగతాళి చేస్తుంటారు. ధవళేశ్వరం కింద డెల్టా నేల చదునుగా ఉంటుంది, 1852లో ఆనకట్ట పూర్తయ్యాక నీళ్లు వాటంతటవే పారాయి. మన దగ్గర నది లోతున పోతుంది, చేన్లు మెరక మీద ఉంటాయి.

లెక్క చూడండి. పోచంపాడు దగ్గర శ్రీరాంసాగర్ నిండు మట్టం 1091 అడుగులు, అంటే 332 మీటర్లు. కాళేశ్వరం దిగువన మేడిగడ్డలో 100 మీటర్లే. కాబట్టి ఎగువన ఆపిన నీళ్లే మనకు బంగారం. శ్రీరాంసాగర్ నీళ్లు కాకతీయ కాల్వలో పైసా కరెంటు ఖర్చు లేకుండా కరీంనగర్ లోయర్ మానేరు దాకా వస్తాయి. 1963లో నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ ప్రాజెక్టు మొదట 112 టీఎంసీలది. పూడికతో ఇప్పుడు 80 దగ్గరికి దిగింది. పైన మహారాష్ట్ర బాబ్లీ కట్టుకుంది. 2013లో సుప్రీంకోర్టు దానికి షరతులు పెట్టింది సరే, మరి మన చెరువులో మన్ను ఎవరు తియ్యాలి? దీని మీద ఏ పార్టీ నాయకుడూ గొంతు చించుకోడు. పూడికతీతకు శిలాఫలకం ఉండదు కదా!

ఇక ప్రాణహిత. వార్ధా, వైన్‌గంగ కలిసి ఆదిలాబాద్ అంచున పారే ఈ నదే గోదారికి అసలు బలం. తుమ్మిడిహట్టి దగ్గర ఆపుతామని 2008లో ప్రాణహిత-చేవెళ్ల మొదలుపెట్టారు. 2014లో రాష్ట్రం వచ్చాక దాన్ని పక్కకు పెట్టి, ప్రాణహిత గోదారిలో కలిసి కిందికి పోయినంక మేడిగడ్డలో పట్టుకున్నారు. 100 మీటర్ల మట్టం నుంచి కన్నెపల్లి, సిరిపురం, గోలివాడ పంపులతో మూడుసార్లు ఎత్తితే గానీ 148 మీటర్ల ఎల్లంపల్లి చేరవు. తుమ్మిడిహట్టికి 2016లో మహారాష్ట్రతో ఒప్పుకున్న ఎత్తు కూడా 148 మీటర్లే! అక్కడ ఆపితే చాలా దూరం కాల్వలోనే నడుస్తాయి, ఎత్తాల్సింది తక్కువ. కరెంటు బిల్లు ఎవరు కడతారో వేరే చెప్పాలా?

2019 జూన్‌లో మేడిగడ్డను ప్రారంభించారు. 2023 అక్టోబర్‌లో పియర్లు కుంగాయి. నీళ్ల కోసమే రోడ్డెక్కినోళ్లం మేం. మన ప్రభుత్వం కట్టిందని నోరు మూసుకోవాలా? పరాయి పాలనలో అడిగినట్టే ఇప్పుడూ అడుగుతాం.

తుమ్మిడిహట్టిలో నీళ్లు చాలవన్నారు. ఉన్నంతే తీసుకుందాం. ముందు సిర్పూర్, ఆసిఫాబాద్ చేన్లకు ఇవ్వండి. ప్రాణహిత పక్కనే పత్తి వేసి, మొగులు దిక్కు చూసే రైతులు వాళ్లు.