కాలికి పెట్టుకున్నదా, కాలేనా?

గజ్జెలు కట్టగానే పిల్లల నడక మారిపోవడం మీరూ చూసే ఉంటారు. ఇల్లంతా గెంతుతూ తిరిగే పిల్ల, గజ్జెపూజ నాడు పట్టీలు బిగించేసరికి ఆచి తూచి అడుగేస్తుంది. బరువు ఒక కారణమే గానీ, అసలు సంగతి చప్పుడండీ. మడమ ముందు పడిందా, వేళ్ళు ముందు పడ్డాయా, అడుగు సగంలో తడబడిందా... మాస్టారికంటే ముందు గజ్జె చెప్పేస్తుంది. మన వైపు జాతరల్లో గరగ నెత్తిన పెట్టుకుని ఆడేవాళ్ళకీ అంతే. ఒళ్ళు ఏ మాత్రం పక్కకి వాలినా నెత్తిమీది బరువు చెబుతుంది.

ఇప్పుడు విదేశాల్లో బట్టల్లోనే సన్నటి తీగలు, సెన్సర్లు కుట్టి, నర్తకి చెయ్యి కదిపితే సంగీతం పలికేలా చేస్తున్నారట. మా అమ్మాయి ఫోనులో చూపిస్తే ముచ్చటేసింది. కానీ నాకు వెంటనే గుర్తొచ్చింది మాత్రం ‘మయూరి’ సినిమా.

సింగీతం శ్రీనివాసరావుగారు 1985లో తీసిన ఆ సినిమాలో సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. 1981లో తమిళనాడులో బస్సు ప్రమాదం జరిగి, గాయం కుళ్ళి, కుడికాలు మోకాలి కింద తీసేశారు. అప్పటికింకా చిన్నపిల్ల. జైపూరు కాలు పెట్టుకుని 1984లో మళ్ళీ గజ్జె కట్టింది.

ఈ జైపూరు కాలు సంగతి మన కొల్లేరు వాళ్ళకి చెబితే ఇట్టే అర్థమవుతుంది. అంతకుముందు వచ్చిన పాదాలు బూటు తొడుక్కునేవాళ్ళ కోసం చేసినవి. మనం వంటింట్లోకి చెప్పులేసుకుని వెళ్తామా? వానాకాలం చెరువు గట్టు మీద బూటుతో నాలుగడుగులు వేయగలమా? డాక్టర్ పి.కె. సేథీగారూ, రామచంద్రశర్మ అనే పనివాడూ కలిసి రబ్బరుతో, చెక్కతో చేసిన ఈ పాదం అన్నివైపులా వంగుతుంది. ఒట్టికాళ్ళతో పొలంలో దిగొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, బాసింపట్టు వేసుకోవచ్చు.

అయినా రబ్బరుకి నరాలుండవు కదా! నేల తగిలిన సంగతి పాదంలో తెలియదు. ఆ దెబ్బ పైకి వచ్చి, మిగిలిన కాలు కప్పులో ఆనేచోట నొక్కుతుంది. చల్లదనం, గరుకుదనం ఏవీ లేవు, ఆ నొక్కుడు ఒక్కటే. దాన్నిబట్టే నేల ఎక్కడుందో ఒళ్ళు కొత్తగా నేర్చుకోవాలి. ఆ నొక్కుడుకి గజ్జెల చప్పుడు కూడా తోడై ఉంటుందని నా ఊహ.

అలా సాధించుకున్న కాలిని 2021లో కూడా విమానాశ్రయంలో ప్రతిసారీ ఊడదీసి చూపించమన్నారు. ఆవిడ వీడియోలో ప్రధానమంత్రినే అడిగింది, ఒక కార్డేదైనా ఇప్పించండి అని. భద్రతా దళం వారు క్షమాపణ చెప్పారు. బ్యాగులో తెచ్చిన సామానూ, ఒంట్లో కలిసిన కాలూ ఒకటే ఎలా అవుతాయండీ?

మీ ఎరికలో ఎవరికైనా కాలు పోయుంటే, జైపూరులోని భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితి 1975 నుంచి ఈ కాళ్ళు ఉచితంగా ఇస్తోందని చెప్పండి. కాలు అమర్చాక నున్నటి గచ్చు మీద నడిచి చూసి ఊరుకోవద్దు. అక్కడే ఒకసారి గొంతుక్కూర్చుని, మట్టి నేల మీద కూడా నాలుగడుగులు వేసి, ఎక్కడ ఒరుసుకుంటోందో అప్పుడే చెప్పి సరిచేయించుకోవాలి.