వాడని కత్తికే ఎందుకంత విలువ?

పోయిన నెల హైదరాబాద్‌లో ఒక పుస్తకం గురించి మాట్లాడుకోవడానికి పదిమందిమి కలిశాం. నా జేబులోని మడత చాకు చేతులు మారుతూ ఒక మిత్రుడి దగ్గరికి చేరింది. విప్పాడు, మూశాడు, మళ్ళీ విప్పాడు. "వాళ్ళకి నైఫ్ కల్చర్ ఉంది బ్రో, మనకి లేదు" అన్నాడు. అందరూ తలూపారు. నేనూ ఊపాను. అదే నా బాధ. ఈ వ్యాసం సగం అతనికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు, సగం నాకు నేను పెట్టుకుంటున్న చీవాట్లు.

ముందు నా సంగతి. నా దగ్గర 23 పాత అమెరికన్ జేబు చాకులున్నాయి. ఈ పిచ్చి టామ్ సాయర్‌తో మొదలైంది. నండూరి రామమోహనరావు గారి తెలుగులో ఆ పుస్తకం చదివి పెరిగినవాళ్ళలో నేనొకణ్ణి. ట్వేన్ నవలలో టామ్‌కి మేరీ ఒక బార్లో చాకు బహుమతిగా ఇస్తుంది. అది దేన్నీ కొయ్యదని ట్వేనే చెప్తాడు. అయినా పిల్లాడు ఉబ్బితబ్బిబ్బై, వెంటనే అలమర చెక్క మీద గాట్లు పెట్టడం మొదలెడతాడు. వాడు దాన్ని డబ్బాలో పెట్టి దాచుకోలేదు. ఆ ముక్క నా బుర్రకి చాలా ఏళ్ళు ఎక్కలేదు.

అట్లాంటాలో ఉండే మా బావ వచ్చినప్పుడల్లా ఒకటో రెండో తెచ్చేవాడు. అందులో నాకు ప్రాణమైనది కేస్ కంపెనీ ట్రాపర్. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్ దాని పుట్టిల్లు. బ్లేడు మొదట్లో, మడత దగ్గర, చిన్న ముద్ర ఉంటుంది. 1970లో ఆ ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏడాదికి ఒకటి చొప్పున తీసేస్తూ వచ్చారు. అంటే చుక్కలు లెక్కపెడితే కత్తి పుట్టిన సంవత్సరం తెలిసిపోతుంది. నాది పది చుక్కలది. దాని నంబరు 6254. మొదటి 6 అంటే ఎముక పిడి, 2 అంటే రెండు బ్లేడ్లు, 54 అంటే ఆ మోడల్. చదవడం వస్తే కత్తి తన జాతకం తనే చెప్పుకుంటుంది. నిజంగా ముచ్చటైన పద్ధతి.

ఆ రెండు బ్లేడ్లలో మొన గుండ్రంగా ఉండేదాన్ని స్పే బ్లేడ్ అంటారు. అది పశువులకు వట్టలు కొయ్యడం కోసం పుట్టిన ఆకారం. ఇది పేడ చేతుల కత్తి, రైతు కత్తి. కానీ సేకరించేవాళ్ళ లోకంలో దాని ఖరీదు నిర్ణయించేది ఒక్కటే ప్రశ్న: ఎప్పుడైనా వాడారా? ఒక్కసారి సాన పట్టినా రేటు పడిపోతుంది. బ్లేడు అరిగితే ఇంకా పడుతుంది. 'మింట్' అంటే ఎవరి చేతా ఏ పనీ చేయించుకోని కత్తి. పని కోసం పుట్టిన వస్తువుకి పని చెయ్యడమే మచ్చ! ఇంత తలకిందుల లెక్కని నేను పదేళ్ళు ప్రశ్న లేకుండా నమ్మాను.

(ఒక పక్కమాట. కేస్ వాళ్ళ ఎముక పిడులు బ్రెజిల్ జెబు పశువుల కాలి ఎముకతో చేస్తారు. బ్రెజిల్‌లో ఎక్కువగా పెంచే జెబు జాతి పేరు నెలోర్. మన నెల్లూరే. ఇక్కడి నుంచి ఓడలెక్కి వెళ్ళిన ఒంగోలు గిత్తల సంతతి. 'అచ్చమైన అమెరికన్' అని మురిసిపోయే ముందు పిడిని ఒకసారి నిమిరి చూసుకోండి.)

ఇక అసలు సంగతి. సంక్రాంతికి అంబాజీపేట దగ్గర మా మేనత్త ఇంటికి వెళ్ళాను. పండగ వెళ్ళిన మర్నాడు పాత ఇనప సామాన్ల అతను వచ్చాడు. అత్తయ్య అటకమీంచి ఏవేవో దింపించి, చివర్లో వంటింట్లోంచి కత్తిపీట తెచ్చింది. అరిగి అరిగి బ్లేడు విదియ చంద్రుడిలా అయింది. "ఇది ఉంచనా, ఇచ్చెయ్యనా రా?" అంది. నేను అరుగుమీద కూర్చుని, ఆ పది చుక్కలు స్పష్టంగా పడేలా ట్రాపర్‌కి ఫొటో తీస్తున్నాను. తల ఎత్తకుండానే "అరిగిపోయింది కదత్తా, ఇచ్చెయ్" అన్నాను.

కిలో 30 రూపాయలకి తూచుకుని తీసుకుపోయాడు.

ఆ కత్తిపీట మీద ఎన్ని పులసలు ముక్కలయ్యాయో, ఎన్ని అరటిపువ్వులు, కందలు, ములక్కాడలు తెగాయో లెక్కలేదు. ఆ ఇంట్లో పెరిగిన ముగ్గురు పిల్లలకీ, సెలవులకి వెళ్ళే మాకూ తిండి దాని మీంచే వచ్చింది. పోయిన ఇనుమంతా మా కంచాల్లోకే పోయింది. నేను మాత్రం, ఎవరో అమెరికా పెద్దమనిషి ఏభై ఏళ్ళు సొరుగులో పెట్టిన చాకుకి లెన్సు సవరిస్తున్నాను.

అదే రోజు మధ్యాహ్నం దింపు కార్మికుడు వచ్చాడు. గెలలు దించి, చెట్టు దిగి చెమట తుడుచుకుంటుంటే నా చాకు చూపించాను, గొప్పగానే. బొటనవేలితో అంచు చూశాడు.

"పదును బానే ఉందండి. దీంతో ఏం చేత్తారండి?"

"ఏం చెయ్యను. దాచుకుంటాను."

"ఆయ్... మరి కత్తెందుకండీ?"

అంటూనే పక్కనున్న కొబ్బరిమట్ట లాగి రెండు వేట్లు చెక్కాడు. నేను "వద్దొద్దు!" అని అరిచేశాను. అప్పటికే బ్లేడు మీద సన్నని గీత పడింది. ఆయన నొచ్చుకుని చాకు పంచెకి తుడిచి ఇచ్చేశాడు. తన కత్తి చూపించమని అడిగాను. లారీ కమాను పట్టీతో కమ్మరి కొట్టింది. రోజూ పొద్దున్నే సాన పెడతాడట. మొదట్లో ఇప్పటికన్నా వేలెడు వెడల్పు ఎక్కువుండేదట. కొలిమిలో మళ్ళీ కొట్టించాను, ఇంకో రెండేళ్ళు వస్తదండి అన్నాడు.

మనకి నైఫ్ కల్చర్ లేదంటే అర్థం ఏమిటి? కొయ్యనివాళ్ళకి లేదని అర్థం. దింపువాళ్ళకి ఉంది, కల్లుగీతవాళ్ళకి ఉంది, పనసపొట్టు కొట్టేవాళ్ళకి ఉంది, రేవులో చేపలు కోసే ఆడవాళ్ళకి ఉంది. అమెరికా రైతు జేబులో ఉంటే దాన్ని కల్చర్ అంటాం. ఇక్కడ మొలలో ఉంటే కులం అడుగుతాం.

ఈపాటికి ఎవరో 'కోనసముద్రం' అంటూ మొదలుపెట్టే ఉంటారు. తెలుసు. నిజామాబాద్ వైపు ఆ ఊళ్ళో మూసల్లో కరిగించిన ఉక్కు పర్షియా దాకా వెళ్ళింది. 'వూట్జ్' అనే మాటే మన ఉక్కు నుంచి వచ్చిందంటారు. సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పళ్ళకత్తి కూడా ఉంది, వెళ్ళి చూడండి. కానీ ఇవన్నీ రాజులకీ రాణులకీ అందిన ఉక్కు కబుర్లు. మా అత్తయ్య కత్తిపీటని తూకానికి వేసినవాణ్ణి నేను. నా నోట డమాస్కస్ మాట వస్తే నవ్వొస్తుంది.

సేకరణే తప్పని నేననను. పుణెలో కేల్కర్ మ్యూజియం ఉంది. ఆయన మామూలు ఇళ్ళలోంచి అడకత్తెరలు కూడా ఏరి తెచ్చి పెట్టాడు. కాకపోతే దింపు కత్తిని అద్దం పెట్టెలో బిగించి జూబ్లీహిల్స్ కాఫీ షాపు గోడకి తగిలిస్తే మాత్రం, అదీ పాత జబ్బే. ఆ పని చేసేవాళ్ళు చెట్టు మీంచి పడుతున్నారు, నడుములు విరుగుతున్నాయి. వాళ్ళ ఇళ్ళల్లోంచి కువైట్‌కీ దుబాయ్‌కీ పోతున్నారు. నా ముచ్చట కోసం ఎవరూ చెట్టు ఎక్కక్కర్లేదు, ఎవరూ కొలిమి దగ్గర మాడక్కర్లేదు.

అమెరికావాళ్ళ దగ్గర మనం తెచ్చుకోవలసింది చాకు కాదు, ఆ చుక్కలు. ఎవరు చేశారు, ఎప్పుడు, ఎక్కడ, దేని కోసం: ఇవి రాసి పెట్టుకునే అలవాటు. బ్రాడ్‌ఫర్డ్‌లో తయారైన నా చాకు పుట్టిన ఏడాది నేను కళ్ళు మూసుకుని చెప్పగలను. మా ఇంటి కత్తిపీట ఏ పదేళ్ళలో పుట్టిందో చెప్పలేను. ఆ రాత్రి అత్తయ్యకి ఫోన్ చేసి అడిగాను, దాన్ని చేసిందెవరని.

"కమ్మరాయన."

"పేరు?"

"కమ్మరాయన అనే అనేవాళ్ళం రా అందరం" అంది. కాసేపాగి, "మంచి మనిషి. డబ్బులకి బదులు ధాన్యం పట్టుకెళ్ళేవాడు" అంది.

హైదరాబాద్ మిత్రుడు నిన్న మెసేజ్ పెట్టాడు, ఆ పది చుక్కల ట్రాపర్ అమ్ముతావా అని. కొబ్బరిమట్ట చెక్కితే గీత పడింది, ఇప్పుడు రోజూ దాంతోనే ఉల్లిపాయలు కోస్తున్నాను అని రాశాను.

"అయ్యో. అయితే సగం రేటు" అన్నాడు.