మన మీద రాసిన పుస్తకం మన గూడేనికి రావాలి

ఆదివాసుల మీద కొత్త పరిశోధన పుస్తకం వచ్చిందంటే ఏం జరుగుతోంది? పట్నంలో ఆవిష్కరణ సభ పెడతారు. అట్ట బొమ్మ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. మనం ఒక దండం ఎమోజీ పెట్టి వదిలేస్తాం. పుస్తకం మాత్రం గూడెం దాకా రాదు. ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటుంది, ధర మనకు అందదు. "అది చదువుకున్నోళ్ల పనిలే" అనుకుంటాం.

మిత్రులారా, ఆ మాట ఇక మానుకుందాం. మన చరిత్ర, ఆచారాల మీద రాసిన పుస్తకం భూమి కోసం చేసే పోరాటంలో పనికొచ్చే కాగితం. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008 జనవరి 1న నిబంధనలు వచ్చాయి. వాటిలో 13వది చదవండి. హక్కు అడిగేటప్పుడు ఏమేం సాక్ష్యంగా చూపొచ్చో అందులో ఉంది. గెజిటీర్లు, జనాభా లెక్కలు, సర్వే రికార్డులతో పాటు పేరున్న సంస్థలు చేసిన పరిశోధనలు కూడా సాక్ష్యమే. పాత బావులు, శ్మశానాలు, దేవుళ్ల స్థలాలు సాక్ష్యమే. దరఖాస్తు పెట్టినోళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే.

ఆదిలాబాద్ సంగతి చూడండి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి, 1948లో రాజ్ గోండుల మీద పెద్ద పుస్తకం తెచ్చాడు. అందులోని గోత్రాల కథలు ఎక్కడివి? కిక్రి వాయిస్తూ పర్ధాన్ పెద్దలు తరతరాలుగా పాడుతూ వచ్చినవే. అట్ట మీద పేరు ఆయనది, లోపలి జ్ఞానం మనోళ్లది.

2017లో భంగ్యా భూక్యా దక్కన్ గోండుల చరిత్ర రాశారు. ఒకప్పుడు రాజ్యాలేలిన జనం అంచులకు ఎలా నెట్టబడ్డారో అందులో చూడొచ్చు. గోండు రాజులు కట్టిన చంద్రపూర్ కోట గోడలు నేటికీ నిలబడే ఉన్నాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దక్కింది. "వీళ్లకు చరిత్ర లేదు, లిపి లేదు" అనేవాళ్లకు ఇవి జవాబు.

అయితే రాసిందల్లా మనకు మేలు చెయ్యదు. పోడు అంటే అడవిని నాశనం చెయ్యడమేనని సైన్సు పేరుతో రాసింది కూడా ఆనాటి అటవీ అధికారులే. ఆ రాతలు చూపించే మనల్ని అడవిలోంచి వెళ్లగొట్టారు. అందుకే చదవాలి, తప్పు ఉంటే నిలదీయాలి.

మరి చెయ్యాల్సిందేంటి? యూనివర్సిటీల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు లైబ్రరీలో ఆ పుస్తకాలు తీసి, మన ప్రాంతం గురించి ఉన్న పేజీలు గోండిలో, కోయలో, తెలుగులో గూడెంలో చెప్పండి. పరిశోధన కోసం ఎవరొచ్చినా, పుస్తకం అయ్యాక ఒక కాపీ గ్రామసభకు ఇవ్వాలని, కథ చెప్పిన పెద్దల పేర్లు అందులో ఉండాలని ముందే అడగండి. అన్నిటికంటే ముందు ఒక నోటుబుక్కు కొనండి. మీ ఊరి పెద్దాయన దగ్గర, అవ్వ దగ్గర కూర్చోండి. ఏ వాగు దగ్గర ఎవరు పోడు కొట్టారో, ఏ చెట్టు కింద ఏ దేవుడున్నాడో రాసి గ్రామసభలో పెట్టండి.

పుస్తకం ఆలస్యమైనా వస్తుంది. పోయిన అవ్వ మళ్లీ రాదు. ఈ వారమే మొదలుపెడదాం.

జోహార్!