గగన్ దారి చిన్న రన్‌వేలకు చేరాలి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి 774 కోట్ల రూపాయలతో నిర్మించిన గగన్ వ్యవస్థను 2015 జులైలో జాతికి అంకితం చేసింది, అప్పటి మంత్రి, విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు గారు. పక్క జిల్లా శ్రీకాకుళం నుంచి వచ్చిన మీరు ఇప్పుడు అదే శాఖను చూస్తున్నారు. ఆయన జాతికి అంకితం చేసిన పనిలో మిగిలిపోయిన సగం గురించే ఈ లేఖ. ఆకాశంలో పని ఎప్పుడో పూర్తయింది. మిగిలిందల్లా నేల మీది పని. ఏ రన్‌వేకు ఎప్పటికల్లా గగన్ ల్యాండింగ్ పద్ధతి వస్తుందో తేదీలతో ప్రకటించాలని కోరుతున్నాను.

గగన్ వ్యవస్థలో జీపీఎస్ సంకేతంలోని తప్పును నేల మీది కేంద్రాలు లెక్కగట్టి, భూస్థిర ఉపగ్రహాల ద్వారా విమానానికి సవరణ పంపుతాయి. సంకేతాన్ని నమ్మకూడనప్పుడు సెకన్లలోనే హెచ్చరిస్తాయి. దానివల్ల పైలట్‌కు అడ్డంగానే కాక నిలువుగా కూడా దారి దొరుకుతుంది. మబ్బులు దట్టంగా దిగిన వానాకాలపు ఉదయాన ఒక చిన్న ఏటీఆర్ విమానం చిన్న ఊరి విమానాశ్రయానికి వస్తోందనుకోండి. నిలువు దారి చూపే సాధనం లేకపోతే సాధారణంగా చాలా ఎత్తులోనే రన్‌వే కనబడాలి, లేదంటే మళ్లీ పైకి లేవాలి. గగన్ దారిలో అయితే, అడ్డంకులు లేని చోట, 250 అడుగుల దాకా దిగి నిర్ణయించుకోవచ్చు. అప్పటికి రన్‌వే కిలోమీటరుకు కాస్త ఎక్కువ దూరంలో ఉంటుంది. రన్‌వే దగ్గరి యాంటెనాలతో దారి చూపే మామూలు ఐఎల్ఎస్ ఇంతకన్నా కిందికి, 200 అడుగులకు దింపగలదు, నిజమే. కానీ దాని యాంటెనాలు రన్‌వే ఒక్కో కొసకు విడివిడిగా కావాలి. గాలి దిశ మారి రెండో కొస నుంచి దిగాల్సి వస్తే, ఒక కొసకే పెట్టిన ఐఎల్ఎస్ అక్కరకు రాదు. ఉపగ్రహానికి ఆ పేచీ లేదు.

మరి ఆలస్యం ఎక్కడ? 2016 విధానం 2019 నుంచి కొత్తగా నమోదయ్యే విమానాలకు గగన్ పరికరాలు తప్పనిసరి అంది; ఆ గడువు 2021 జులైకి జరిగింది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో గగన్ సాయంతో దిగి, అది సాధ్యమని చూపింది. అయినా పద్ధతులు లేని రన్‌వేలకు పరికరాలెందుకని విమాన సంస్థలు, పరికరాలున్న విమానాలే లేనప్పుడు పద్ధతులెందుకని విమానాశ్రయాలు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదన్నట్టుంది వరస. పాత జెట్‌లలో మార్పులకు ఖర్చవుతుందన్న సంస్థల మాట కాదనలేనిది. అందుకే వాటిని వదిలి, చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్‌లతో, ప్రాంతీయ విమాన పథకం ఉడాన్ మార్గాలతో మొదలుపెట్టమంటున్నాను.

అంతకన్నా గట్టి అభ్యంతరం నకిలీ జీపీఎస్ సంకేతాలతో జరిగే మోసం (స్పూఫింగ్). ఢిల్లీ విమానాశ్రయం దగ్గర అలాంటివి జరిగాయని 2025లో మీరే పార్లమెంటుకు చెప్పారు. గగన్ దాన్ని ఆపలేదు. భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న మన అయనోవరణం కూడా సంకేతాలను కలవరపెడుతుంది. కానీ ఐఎల్ఎస్ లేని చిన్న విమానాశ్రయంలో, అనుమానం వచ్చిన పైలట్ పైకి లేచి మరో చోటికి మళ్లుతాడు. మబ్బు కిందికి దిగిన రోజున ఇప్పటికీ చేస్తున్నది అదే. షరతు ఒక్కటే: నేల మీది పాత రేడియో సాధనాలను ఉంచాలి, సిబ్బందికి మోసాన్ని పసిగట్టే శిక్షణ ఇవ్వాలి. ఉపగ్రహం వచ్చింది కదా అని ఆ సాధనాలను పీకేస్తే మాత్రం ఈ వాదన చెల్లదు.

కనుక మంత్రి గారూ, ఐఎల్ఎస్ లేని రన్‌వేలు ముందు, ఒకే కొసకు ఉన్నవి తర్వాత వచ్చేలా ఒక జాబితా తయారు చేయించండి. ప్రతి పేరు పక్కన అడ్డంకుల సర్వే, పద్ధతి రూపకల్పన, విమానంతో తనిఖీ ఏ తేదీకి పూర్తవుతాయో రాయించి, జనం ముందు పెట్టండి. గడువు తప్పితే ఎవరి దగ్గర ఆగిందో అందరికీ తెలుస్తుంది.

భవదీయుడు,
ఒక పౌరుడు