పతకం అంచున పేరు

బనగానపల్లె బస్టాండులో నిలబడి 'ఖుక్రీ' అంటే ఏమిటని అడగండి. ఎంతమంది చెప్పగలరు? మనది మెట్టసీమ. పాత నాలుగు జిల్లాలకు జానెడు సముద్ర తీరం లేదు. అయినంత మాత్రాన సముద్రంలో ప్రాణం విడిచిన సైనికుడి సంగతి మనకెందుకని అనుకోవచ్చా?

1971 డిసెంబర్ 9 రాత్రి, డయ్యూ సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ టార్పెడోతో మన యుద్ధనౌక ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచేసింది. నిమిషాల్లో అంతా అయిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు జలసమాధి అయ్యారు. నౌకను వదలని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. అది న్యాయమే. ఆ త్యాగానికి ఎంత గౌరవమైనా తక్కువే.

మరి తక్కిన వారి మాటేమిటి? డెక్కు కింద, బాయిలర్ల దగ్గర డ్యూటీలో ఉన్న నావికుడు ఏ సాహసం చేశాడో ఎవరు చెప్పాలి? సాక్షి ఉంటేనే శౌర్య పతకం. సాక్షులూ నౌకతోపాటే మునిగిపోతే? ఇప్పటిదాకా పరమవీర చక్ర పొందిన 21 మందిలో నౌకాదళం వారు ఒక్కరూ లేరు.

అలాంటి నావికుడి ఇంటికి చేరేవి పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్. ఆ యుద్ధంలో పనిచేసి క్షేమంగా తిరిగొచ్చిన వారికీ ఇచ్చినవే అవి. చక్ర పతకాలకు నెలనెలా భత్యం ఉంది. రాష్ట్రాలు ఇచ్చే నగదు బహుమతులున్నాయి, అవీ రాష్ట్రానికో తీరు. ఈ పతకాలకు అదేమీ లేదు. అంచున చెక్కిన పేరు, నంబరు తప్ప.

పతకాల స్థాయి మార్చమని మేం అడగడం లేదు. ఆ పేరు ట్రంకు పెట్టెలోంచి ఊళ్లోకి రావాలంటున్నాం. యుద్ధాల్లో అమరులైన వారి జాబితాను సైనిక సంక్షేమ శాఖ ఊరి పేరుతో సహా ప్రకటించాలి. వారు చదివిన బడి గోడ మీద ఆ పేర్లు రాయించాలి. డిసెంబర్ 4న నౌకాదళ దినోత్సవం విశాఖ బీచ్‌లోనే ఎందుకు జరగాలి? మెట్ట ఊళ్లలోనూ జరగాలి.

విద్యార్థులారా, మీ ఊళ్లో అలాంటి ఇల్లుందేమో కనుక్కోండి. ఉద్యోగ సోదరులారా, ఆ ఇంటి కాగితం మీ టేబులు మీదికొస్తే రేపు రమ్మనకండి. రేపు అనే మాట లేకుండా పోయినవాడి కాగితం అది!