మేడ మీది ట్యాంకు, చేతిలోని చిప్పు

మన పట్టణాల్లో మేడలు లేచి, ప్రతి మేడ మీదా ఒక నల్లని ట్యాంకు వెలసి, ప్రతి ట్యాంకుకూ కింద ఒక మోటారు అమరిన నాటి నుంచీ, ఏ వీధిలో ఏ పూట చెవియొగ్గి నిలబడినా వినవచ్చే కేక ఒకటి కద్దు: “మోటారు కట్టేయండమ్మా, నీళ్లు పోతున్నాయి!” కేక వేసేవారు ఎదురింటివారు, కట్టవలసినవారు ఏ సీరియల్లోనో, ఏ మధ్యాహ్నపు కునుకులోనో నిమగ్నులై ఉంటారు, ఈలోగా మంజీరా నుంచో కృష్ణ నుంచో గొట్టాల వెంట ప్రయాణం చేసి వచ్చిన జలం సన్‌షేడు మీదుగా జారి, ఎవరి స్కూటరునో అభిషేకించి, మోరీలో ఐక్యమవుతుంది. అందుకే కాబోలు, అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డులతో ఇంటి పనులు చేయించాలని ఉబలాటపడే మన కుర్రవాళ్లలో చాలామంది మొట్టమొదట చేయి పెట్టేది ఈ ట్యాంకులోనే. మా మేనల్లుడూ అంతే.

అదేమిటండీ, ఫ్లోట్ స్విచ్చి ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా కొద్ది వందలకు దొరుకుతుంది, దాన్ని వేలాడదీస్తే చాలదా, అని మీరడగవచ్చు. చాలును. నిస్సంశయంగా చాలును. ఆ సంగతి వాడికీ తెలుసు. కానీ పని జరగడం ఒకటి, ఆ పని ఎట్లా జరుగుతున్నదో ఆమూలాగ్రం ఎరిగి ఉండడం మరొకటి. ఈ రెండవదాని రుచి మరిగినవాడికి మొదటిది నెపం మాత్రమే. మూత విప్పి చూసినా అంతుబట్టని యంత్రాలే మన చుట్టూ పేరుకుపోయిన ఈ రోజుల్లో, ఒక మనిషి బుద్ధిలో సంపూర్ణంగా ఇమిడే యంత్రం ఒకటి ఉన్నదంటే, అదీ బజారులో సులభంగా దొరుకుతుందంటే, దాని వెంట పడినవాణ్ని నేను తప్పుపట్టను. నా ఫిర్యాదు వేరే ఉంది, తరువాత చెబుతాను.

ముందు ఆ బోర్డు పుట్టుపూర్వోత్తరాలు కాస్త వినండి. ఉత్తర ఇటలీలో ఇవ్రెయా అని ఒక చిన్న పట్నం. టైపురైటర్లకు లోకప్రసిద్ధి గడించిన ఒలివెట్టి సంస్థ 1908లో పుట్టింది అక్కడే. ఆ ఊళ్లో వస్తు రూపకల్పన నేర్పే విద్యాలయం ఒకటి ఉండేది. చదివేవారు ఇంజనీర్లు కారు. ఆకృతులు తీర్చేవారు, బొమ్మలు గీసేవారు. అట్టివారి చేత కూడా ఎలక్ట్రానిక్స్ పని చేయించాలంటే అప్పటి బోర్డులు ప్రియమైనవీ, కొరకరానివీ కావడం చేత, ఎర్నాండో బర్రగాన్ అనే కొలంబియా దేశపు విద్యార్థి 2003లో తన పట్టా కోసం ‘వైరింగ్’ అనే ఏర్పాటును మొదలుపెట్టాడు. దానిని పునాదిగా చేసుకుని 2005లో మాస్సిమో బాంజీ ప్రభృతులు ఇంకా చవకైన బోర్డును రూపొందించి, తాము సాయంకాలాలు చేరే పానశాల పేరునే దానికి పెట్టారు. ఆ పానశాల పేరేమో, 1002లో ఇటలీకి రాజై, రెండేళ్లకే జర్మనీ ప్రభువు హెన్రీ చేత ఓడిపోయిన ఆర్దుయిన్ మహారాజుది. సింహాసనం నిలుపుకోలేని ఆ రాజు పేరు వెయ్యేళ్ల తరువాత మన ఇంజనీరింగ్ కాలేజీ పిల్లల నోట ‘ఆర్డుయినో’ అని నిత్యపారాయణం అవుతున్నది. ఈ కథ చెప్పేవారు చాలామంది బర్రగాన్‌ను దాటవేసి పోతారు. అది నాకు నచ్చదు. బోర్డు నక్షాను ఎవరైనా తీసుకుని తయారుచేసుకోవచ్చునని కర్తలే బాహాటంగా అనుమతించినందువల్ల, కోఠీ గుజరాతీ గల్లీలో మనం కొనుక్కునేది తరచుగా దాని చైనా తోబుట్టువు. ట్యాంకుకు ఆ భేదం తెలియదు.

ఆ బోర్డుల్లో మిక్కిలి ప్రసిద్ధమైన ‘ఊనో’ పాత రకం మీది చిప్పుకు జ్ఞాపకశక్తి ఎంతో తెలుసునా అండీ? ప్రోగ్రామును నిలవ ఉంచుకోవడానికి 32 కిలోబైట్లు. అది నడుస్తుండగా లెక్కలు గుర్తుపెట్టుకోవడానికి 2 కిలోబైట్లు. తెలుగు లిపిలోని ఒక్కొక్క గుర్తుకూ కంప్యూటర్లు మూడేసి బైట్లు కేటాయిస్తాయి గనుక, ఆ రెండు కిలోబైట్లలో ఏడు వందల గుర్తులు కూడా పట్టవు; ఇవ్రెయాను గురించి పైన నేను చెప్పిన ముచ్చట ఒక్కటే దానికి అజీర్ణం చేస్తుంది. అయినా సెకనుకు కోటీ అరవై లక్షల సార్లు కొట్టుకునే గడియారంతో ఆ అల్పప్రాణి, చెప్పిన నాలుగు మాటలనే మళ్లీ మళ్లీ, విసుగన్నది లేకుండా, కరెంటు ఉన్నంతసేపూ పాటిస్తూనే ఉంటుంది.

ఇక ట్యాంకులోకి తొంగిచూద్దాం. నీటిమట్టం కొలవడానికి మూతకు లోపలివైపు బిగించే సెన్సారు గుడ్లగూబ మొహంలా ఉంటుంది. ఆ రెండు కళ్లలో ఒకటి నోరు, ఒకటి చెవి. మన చెవికి అందని, సెకనుకు నలభై వేల కంపనాల ధ్వనిని ఎనిమిది తరంగాల పాటు కిందికి వదిలి, నీటిని తాకి అది తిరిగివచ్చేదాకా పట్టిన కాలాన్ని చిప్పుకు అప్పగిస్తుంది. ఆ కాలాన్ని మైక్రోసెకండ్లలో తీసుకుని 58 చేత భాగిస్తే, నీరు ఎన్ని సెంటీమీటర్ల దూరాన ఉన్నదో తేలుతుంది. ఈ 58 ఎక్కడిదని అడగకుండా ఎక్కించుకున్నవాడికి ట్యాంకు మాత్రమే నిండుతుంది. అడిగినవాడి పని వేరు. ఇరవై డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 343 మీటర్లు పోతుంది. పోవడమే కాదు, రావాలి కూడా గనుక సెంటీమీటరుకు 58 మైక్రోసెకండ్లు. మరి మే నెల మధ్యాహ్నం, రామగుండం ఎండలో, నల్ల ట్యాంకు మూత కింద గాలి ఇరవై డిగ్రీలు ఉంటుందా? నలభై డిగ్రీల దగ్గర ధ్వని సెకనుకు 355 మీటర్ల వేగం అందుకుని, మీటరు దూరాన ఉన్న నీటిని దాదాపు మూడు సెంటీమీటర్లు దగ్గరగా చూపిస్తుంది. ట్యాంకు నిండిందా లేదా అనడానికి మూడు సెంటీమీటర్లు ఒక లెక్క కాదు, నిజమే. కానీ ఆ సంగతి కనిపెట్టిన సాయంత్రం మా వాడు అన్నానికి పిలిస్తే రాలేదు.

అసలు చిక్కు ఆవిరితో. రెండు కళ్ల రకం ఆ తేమకు కొద్ది కాలంలోనే తుప్పు పడుతుంది. అందుచేత కార్ల బంపర్లలో అమర్చే జాతికి చెందిన, వైరు చివర ఒంటికన్ను గల, నీరు సోకినా చెడని రకాన్ని తెచ్చుకుంటారు. అయితే ఆ ఒక్క కన్నే అరవాలి, ఆ ఒక్కటే వినాలి. తన కేక తాలూకు వణుకు తనలో అణగారేదాకా దానికి ఏ ప్రతిధ్వనీ వినబడదు. ఫలితమేమిటయ్యా అంటే, ఇరవై ఇరవైయైదు సెంటీమీటర్ల లోపలికి వచ్చిన నీరు దానికి కానరాదు. ఏ క్షణం కోసం దాన్ని అక్కడ ప్రతిష్ఠించామో సరిగ్గా ఆ క్షణానికి, ట్యాంకు అంచుకు నిండబోతుండగా, అది గుడ్డిదవుతుంది. దానికి మందు ప్రోగ్రాములో లేదు. మూతకు రంధ్రం చేసి, జానెడున్నర పొడుగున వెడల్పాటి పీవీసీ గొట్టం ముక్కను నిలబెట్టి, కన్నును దాని నెత్తిన కూర్చోబెట్టడంలో ఉన్నది.

కొలిచినంత సులువు కాదు ఆపడం. బోర్డుతో పాటు అమ్మే రిలే అనే నీలం రంగు స్విచ్చి మీద 10 ఆంపియర్లని అచ్చు వేసి ఉంటుంది. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు తీసుకునేది అంతకన్నా తక్కువే గదా అని ధైర్యం చేస్తారు. కానీ మోటారు కదిలే తొలి క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ రవ్వలకు రిలే లోపలి కొనలు ఒకనాడు అతుక్కుపోతే, ‘ఆపు’ అని చిప్పు ఎంత మొత్తుకున్నా మోటారు ఆగదు. అందుకే రిలే చేత కాంటాక్టరనే పెద్ద స్విచ్చిని, ఆ కాంటాక్టరు చేత మోటారును ఆడించాలి. ఆ భాగం మాత్రం మీ వీధి ఎలక్ట్రీషియను చేతనే చేయించండి. ‘నిండితే ఆపు, తగ్గితే వేయి’ అని ఒక్కటే గీత గీస్తే, ఆ గీత దగ్గర నీటి అలలు ఊగినప్పుడల్లా రిలే టకటకలాడి చస్తుంది. వేయడానికి కింద ఒక గీత, ఆపడానికి పైన ఒక గీత, రెండు ఉండి తీరాలి.

ఈ తెలివి పట్నం పిల్లల సొత్తు అనుకోకండి. రాత్రివేళ వచ్చే కరెంటు కోసం చీకట్లో పొలానికి పోయి, పాములకు వెరుస్తూ స్టార్టరు నొక్కే అవస్థ తప్పించుకోవడానికి మన రైతులు బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు ఏనాడో పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి ఇరవైనాలుగు గంటల కరెంటు మొదలైనప్పుడు, అవే ఆటో స్టార్టర్లు అవసరం ఉన్నా లేకున్నా నీళ్లు తోడేస్తున్నాయి, దయచేసి తీసివేయండని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చింది. మొదలుపెట్టడం నేర్పినవారు వాటికి ఆగడం నేర్పలేదు మరి.

ఇప్పుడు నా ఫిర్యాదు. 2014 ప్రాంతంలో షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ అనే సంస్థ చిప్పు, పేరు ఈఎస్‌పీ8266, వై-ఫైని తనలోనే ఇముడ్చుకుని, ఐదు డాలర్ల లోపు ధరకు అభిరుచిగల వాళ్ల చేతిలో పడింది. దాని వివరాలన్నీ మొదట్లో చైనా భాషలోనే ఉంటే, ముక్కూమొగం తెలియని దేశదేశాల ఔత్సాహికులు కూడి తర్జుమా చేసుకుని, దానికి కావలసిన పనిముట్లు తామే సమకూర్చుకున్నారు. ఆ ఉత్సాహానికి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. కానీ ఆ నాటి నుంచీ ప్రతి ట్యాంకుకూ లోకంతో మాట్లాడాలని కోరిక పుట్టింది. మేడ మీది నీటి కబురు మెట్లు దిగి వంటింట్లోకి రావడానికి సముద్రాలు దాటి ఎవరి సర్వరుకో పోయి, అక్కడ మొక్కి, మళ్లీ మన ఫోనులోకి రావడమేమిటి? సర్వరువాడు దుకాణం కట్టేస్తే? 2016 మే నెలలో అమెరికాలో రివాల్వ్ అనే ఇంటి నియంత్రణ పెట్టెల గతి అదే అయింది: పెట్టెలు చెడలేదు, సర్వర్లు ఆపేశారు, అంతే. అదే ఏడాది అక్టోబరులో మిరాయ్ అనే దుష్ట ప్రోగ్రాము, కొన్నప్పటి పాస్‌వర్డు మార్చని కెమెరాలనూ రౌటర్లనూ లక్షలకొద్దీ లోబరుచుకుని, పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కొన్ని గంటలు మూగబోయేటట్లు చేసింది. బుద్ధిలో సంపూర్ణంగా ఇమిడిందనుకున్న యంత్రం, ఇల్లు దాటిన మరుక్షణం మన బుద్ధి నుంచి జారిపోతున్నది.

ఇల్లు దాటనక్కరలేదు. 1999లో ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు, ఎడారుల్లోని చమురు గొట్టాల సమాచారాన్ని ఖరీదైన ఉపగ్రహ మార్గంలో పొదుపుగా పంపడానికి ఎంక్యూటీటీ అనే సంభాషణ పద్ధతిని కల్పించారు. అందులో మాట చెప్పేవారూ వినేవారూ ఒకరినొకరు ఎరుగనక్కరలేదు. మధ్యవర్తి ఒకడు ఉంటే చాలు. ఆ మధ్యవర్తిని ఇంట్లోనే, ఒక చిన్న రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరు మీద, టీవీ వెనకాల కూర్చోబెట్టుకోవచ్చును. మా వాడి చేత పట్టుబట్టి నేను అదే చేయించాను.

ఈ చిప్పుల్లో కొత్త తరం, ఈఎస్‌పీ32, మొరాయించినప్పుడు తెర మీద ‘గురు మెడిటేషన్ ఎర్రర్’ అని రాస్తుంది. మా వాడు హడలిపోయి, “మావయ్యా, ఇదెవరో మనవాళ్లు రాసినట్టుందే!” అన్నాడు. మనవాళ్లు కారు. 1980 దశకంలో అమీగా కంప్యూటరు తయారుచేసిన అమెరికా ఇంజనీర్లు, యంత్రం కూలినప్పుడల్లా, తమ సంస్థ అమ్మే ఆటపలక ఒకదాని మీద బాసింపట్టు వేసుకుని కదలక మెదలక కూర్చునేవారట. ఆ పరిహాసమే ఈ చిప్పు దాకా వారసత్వంగా దిగివచ్చింది.

అన్నీ అమిరాక, ఫోనులో నీలం రంగు ట్యాంకు బొమ్మ నిండుతూ తగ్గుతూ ఉండే యాప్‌ను వాడు తల్లికి చూపించాడు. మా చెల్లెలు చూసి, “బాగుందిరా. కానీ చేతులకు పిండి అంటుకుని ఉండగా ఫోను ఎవరు చూస్తారు? స్టవ్ పైన ఒక ఎర్ర బల్బు పెట్టు, చాలు” అన్నది. పెట్టాడు. ఇంటిల్లిపాదీ చూసేది ఇప్పుడు ఆ బల్బునే. ఇంతలో కోతులు వచ్చి, ట్యాంకు మీది వైరును వడియాలతో పాటు పీక్కుపోయాయి. ఏ పాఠంలోనూ ఏ పుస్తకంలోనూ వాటి ప్రసక్తి లేదు. వాడు మళ్లీ వైరు తెచ్చి, మేడ మీది నుంచి వంటింటి దాకా జీఐ పైపులో దూర్చి బిగిస్తున్నాడు. ఆ పైపుకైన ఖర్చు బోర్డు, సెన్సారు, రిలే మూడింటి ఖరీదునూ దాటిందని మా బావగారు లెక్క చూపిస్తున్నారు.